మొటిమల క్రీము కంటే ముందు ఒక నోటుబుక్కు

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో మా మందుల షాపు కౌంటరు మీద రోజుకి ఇద్దరు ముగ్గురైనా ఫోను పెట్టి వాళ్ళ ముఖం ఫొటో చూపిస్తారు. ఒడియావాళ్ళు బ్రొణొ అంటారు. సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చేవాళ్ళు మొటిమలంటారు. అడిగేది మాత్రం ఒకటే, "ఏదైనా మంచి క్రీము ఇవ్వండి." క్రీము చేతిలో పడ్డాక, డబ్బులిచ్చేముందు ఇంకో ప్రశ్న వస్తుంది. "ఏటి తినకూడదు?"

ఈ రెండో ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. ఇరవై రెండేళ్ళుగా ఇదే కౌంటరు వెనక ఉన్నాను. ఒకప్పుడు మొటిమలతో వేగినవాణ్ణి కూడా. వాడుక భాష కోసం పోట్లాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది, కాబట్టి మాట్లాడినట్టే రాస్తే ఎవరూ తప్పుపట్టరనుకుంటాను.

ముందు నా సంగతి. పద్దెనిమిదో ఏట ముఖం నిండా వచ్చాయి. "వేడి చేసింది" అని మా అమ్మమ్మ తేల్చేసింది. మామిడిపండు బంద్, కోడికూర బంద్, గుడ్డు బంద్, పనస తొన వైపు చూడకూడదు. ఒక వేసవి మొత్తం ఇంట్లో అందరూ మామిడి టెంక చీకుతుంటే నేను మజ్జిగన్నం తిన్నాను. మొటిమ ఒక్కటీ తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో పదేళ్ళ తరవాత తట్టింది. కాలేజీ ఎదురు బడ్డీలో రోజుకి ఐదు టీలు తాగేవాణ్ణి, గ్లాసుకి రెండు చెంచాల పంచదార. సాయంత్రం ఒక రంగు సోడా. ఆ లెక్క అమ్మమ్మకి తెలీదు, నాకు తోచలేదు. అది చాలదన్నట్టు ఒకాయన "రక్తం శుభ్రపడుతుంది" అని వారం వారం బి-కాంప్లెక్స్ ఇంజక్షను పొడిచేవాడు. బి12 ఎక్కువ మోతాదులో పడితే కొంతమందికి మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయని ఫార్మసీ చదివేటప్పుడు చూశాను. పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

అసలు తిండికీ ముఖానికీ దారి ఎక్కడుందో చెబుతాను, అది తెలిస్తే మిగతాదంతా సులువు. చర్మంలో వెంట్రుక మొదలు పక్కనే నూనె గ్రంథి ఉంటుంది. ఈడొచ్చాక ఆండ్రోజెన్ హార్మోన్లు దాన్ని రెచ్చగొడతాయి. నూనె ఎక్కువ ఊరుతుంది, చర్మపు పొట్టు రంధ్రానికి అడ్డం పడుతుంది, లోపల క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది, వాస్తుంది. అదీ మొటిమ. ఇక పంచదార, మైదా, పాలిష్ పట్టిన తెల్లన్నం లాంటివి తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజు గబుక్కున లేస్తుంది. దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎక్కువగా వస్తుంది. దాని వెంబడి ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోను చురుకవుతుంది. ఈ రెండూ కలిసి ఆండ్రోజెన్లకి బలమిస్తాయి, నూనె గ్రంథిని ఇంకా ఊరమంటాయి. బజ్జీ తింటే ఆ నూనె ముఖం మీదకి రాదు. పంచదార తింటే వస్తుంది, చుట్టుదారిన.

"మా డాక్టరు తిండికీ మొటిమకీ సంబంధమే లేదన్నారు" అని కొందరంటారు. ఆ మాటకో చరిత్ర ఉంది. 1969లో అమెరికాలో 65 మందికి చాక్లెట్ ఇచ్చి చూశారు. మామూలు దానికంటే కోకో పదిరెట్లు ఉన్న చాక్లెట్ ఒకటి, కోకో లేని ఉత్తుత్తి చాక్లెట్ ఒకటి. మొటిమల్లో తేడా రాలేదు. కాబట్టి తిండితో పని లేదని వైద్య పుస్తకాల్లోకి ఎక్కిపోయింది. కిటుకేమిటంటే ఆ ఉత్తుత్తి చాక్లెట్లో కూడా పంచదార, కొవ్వు ఇంచుమించు అంతే ఉన్నాయి! ఈ లొసుగు పట్టుకుని మళ్ళీ కదలిక రావడానికి ముప్పై ఏళ్ళు దాటింది. పాపువా న్యూగినీలోని కిటావా దీవిలో 1,200 మందిని పరీక్షిస్తే ఒక్కరికీ మొటిమ కనపడలేదని 2002లో రాశారు. వాళ్ళు దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి తింటారు. అది వాళ్ళ వంశం గొప్పా, తిండి గొప్పా అంటే తేల్చలేం. నాకు ఎక్కువ పనికొచ్చింది 2007లో ఆస్ట్రేలియావాళ్ళు చేసింది. 15 నుంచి 25 ఏళ్ళ కుర్రాళ్ళు 43 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి గ్లూకోజుని నెమ్మదిగా పెంచే తిండి, రెండో జట్టుకి మామూలు తిండి, పన్నెండు వారాలు. మొదటి జట్టులో సగటున ఇరవై మూడున్నర మొటిమలు తగ్గాయి, రెండో జట్టులో పన్నెండు. చూశారా, ఏమీ మార్చనివాళ్ళకీ పన్నెండు తగ్గాయి. మొటిమలు వాటంతటవే పెరుగుతాయి, తగ్గుతాయి. మొన్న మానేసిన కోడికూరకి నిన్న తగ్గిన మొటిమని కట్టబెట్టడం అందుకే తప్పు.

నోటుబుక్కు అవసరం ఇక్కడే వస్తుంది.

ఎలా రాయాలో మా మేనకోడలు చేసిన పద్ధతిలో చెబుతాను. మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి ప్లస్ టూ చదువుతోంది. నిరుడు వర్షాకాలంలో నుదురూ బుగ్గలూ పుండు పుండుగా తయారయ్యాయి. నలభై పేజీల నోటుబుక్కు కొనిచ్చాను. మొదటి రెండు వారాలు తిండిలో ఏమీ మార్చొద్దన్నాను. ఊరికే రాయడమే. ఏం తిన్నది, ఎన్ని గ్లాసులు, టీలో ఎన్ని చెంచాలు, పాలు ఎన్నిసార్లు, ఎప్పుడు పడుకుంది. నెలసరి తేదీలు తప్పకుండా రాయాలి. చాలామంది ఆడపిల్లలకి నెలసరికి ముందు వారం మొటిమలు ఎక్కువవుతాయి, అది తెలియకపోతే ఆ వారం తిన్న వంకాయ మీద నేరం పడుతుంది.

లెక్క వారానికి ఒక్కసారే. ఆదివారం పొద్దున్న, ముఖం కడిగాక, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో. నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం, ఐదు భాగాలుగా విడగొట్టి లెక్కపెట్టాలి. నల్లచుక్కలు, తెల్లచుక్కలు ఒక గడిలో, ఎర్రగా వాచినవి ఇంకో గడిలో. ఒక ఫొటో. రోజూ అద్దం ముందు లెక్కపెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ రాదు, పైగా వేళ్ళు ఊరుకోవు, గిల్లుతాయి. "మావయ్యా, గుప్‌చుప్ కూడా రాయాలా?" అంది మొదటి రోజే. గుప్‌చుప్ అంటే పానీపూరీ. ఎన్ని తిన్నావో అంకె కూడా వెయ్యమన్నాను.

రెండు వారాల తరవాత ఇద్దరం కూర్చుని చూశాం. పిల్ల తిండి మంచిదే అనుకునేవాళ్ళం. రోజుకి నాలుగు టీలు, రెండుపూటలా పాలల్లో తియ్యటి పొడి, కాలేజీ నుంచి వచ్చాక ఒక బిస్కట్ ప్యాకెట్, వారానికి మూడుసార్లు కూల్‌డ్రింక్. 250 మిల్లీలీటర్ల సీసాలో ఆరు చెంచాల దాకా పంచదార ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే లెక్కలో పైనుంచి కలిపిన పంచదార రోజుకి 50 గ్రాములు దాటకూడదు, 25 లోపు అయితే ఇంకా మంచిది. చెంచా నాలుగైదు గ్రాములు. మీరే వేసుకోండి లెక్క.

ఇప్పుడు మార్చాలి, అయితే ఒక్కటే మార్చాలి. అన్నీ ఒకేసారి మానేస్తే తగ్గినా ఏది తగ్గించిందో తెలీదు. మొదట పంచదార పట్టుకోండి, సాక్ష్యం దానిమీదే గట్టిగా ఉంది. టీలో రెండు చెంచాలు ఒకటి చెయ్యండి, పది రోజులకి అర. నాలిక అలవాటు పడుతుంది, నాదీ పడింది. కూల్‌డ్రింకు పూర్తిగా మానండి. ప్యాకెట్ పండ్లరసం కూడా అదే జాతి. బెల్లం మంచిదేగా అంటారు మనవాళ్ళు. గ్లూకోజు విషయంలో బెల్లానికీ పంచదారకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇలా పన్నెండు వారాలు. ఒక మొటిమ కంటికి కనపడేముందు చర్మం కింద కొన్ని వారాలు తయారవుతుంది, అంటే ఈవేళ మీరు మానేసిన తీపి ఫలితం వచ్చే నెల గానీ కనపడదు. రెండో వారంలో నా దగ్గరికొచ్చి "ఏమీ తేడా లేదండీ" అంటే నేను క్యాలెండరు చూపిస్తాను.

అన్నం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మానమంటే ఎవరూ వినరు, నేనూ మానను. మన ఒడిశా వైపు అరువా (పచ్చి బియ్యం), ఉసునా (ఉప్పుడు బియ్యం) రెండూ దొరుకుతాయి. తెలుగిళ్ళలో ఉసునా అంటే కొంచెం చిన్నచూపు. చుట్టాలొస్తే అరువానే వండాలి, లేకపోతే పరువు పోతుంది. కానీ వడ్లని ఉడికించి ఎండబెట్టి ఆడించిన ఉసునా, సాధారణంగా గ్లూకోజుని అరువా కంటే నెమ్మదిగా పెంచుతుంది. ఇంకొకటి పఖాళ, మన చద్దన్నం. వండిన అన్నం చల్లారితే అందులో పిండి పదార్థం కొంత త్వరగా జీర్ణంకాని రూపానికి మారుతుంది. అలాగని పఖాళ మొటిమల మందని ప్రచారం చెయ్యకండి. పక్కన గిన్నెడు ఆలూ చకటా పెట్టుకుంటే లాభమంతా అక్కడే పోతుంది. ఉడికించి మెదిపిన బంగాళాదుంప గ్లూకోజుని అన్నం కంటే కూడా వేగంగా లేపగలదు.

అన్నింటికంటే తేలిక కంచంలో పాళ్ళు మార్చడం. మన దగ్గర కంచం నిండా అన్నం, మధ్యలో గుంట చేసి పప్పు. దీన్ని తిరగెయ్యండి. ఒడియావాళ్ళ డాల్మా ఇందుకు భలే పనికొస్తుంది. కందిపప్పు, గుమ్మడి, అరటికాయ, వంకాయ, మునక్కాడ అన్నీ ఒక్క గిన్నెలో ఉడుకుతాయి. ముందు గిన్నెడు డాల్మా తిని తరవాత అన్నంలోకి వెళ్ళండి. పీచూ, పప్పూ ముందు పడితే గ్లూకోజు అంత ఎగరదు. పొద్దున్న పూరీ బదులు బారా (మినప గారె), ఘుగ్ని (బఠాణీ కూర) తినండి. నూనె ఉందిగా అంటారేమో. ఉంది, కానీ రెండూ పప్పుజాతి, మైదా కాదు. సాయంత్రం ఒట్టి మురీలు, అంటే మరమరాలు, తేలికని తింటారు. ఒడియాలో ముఢి. కడుపుకి తేలికే గానీ గ్లూకోజుకి కాదు. సగానికి సగం ఉడికించిన శనగలు కలపండి. సంతలో కొండ మీంచి సవర గిరిజనులు తెచ్చే సామలు, కందులు కొనుక్కోండి, తెల్లన్నం కంటే పీచు ఎక్కువ. చోళ్ళ (రాగుల) విషయంలో ఒక హెచ్చరిక. మెత్తగా పట్టించిన పిండితో పలచగా అంబలి కాచి, రెండు గరిటెల బెల్లం వేసి తాగితే అది తియ్యటి జావే. అదే చోడి సంకటి, పక్కన పప్పో ఎండుచేప కూరో ఉంటే వేరే లెక్క.

పంచదార తగ్గించినా పన్నెండు వారాల్లో కదలిక లేకపోతే అప్పుడు పాలు. ఇక్కడ నేను కాస్త తగ్గి మాట్లాడతాను. 2005లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో 47 వేల మందికి పైగా నర్సులని మీ హైస్కూలు రోజుల్లో ఏం తాగేవారు, మొటిమలుండేవా అని అడిగారు. పాలు ఎక్కువ తాగామన్నవాళ్ళలో మొటిమలు ఎక్కువ కనపడ్డాయి, అందులోనూ వెన్న తీసిన పాలతో. అంటే కొవ్వు దోషం కాదన్నమాట. కానీ నిన్న రాత్రి కూరేమిటో గుర్తులేని మనం పాతికేళ్ళ కిందటి పాల లెక్క ఎంత గుర్తుపెట్టుకుంటాం? తరవాత పిల్లల మీద చేసినవాటిలోనూ సంబంధం కనపడింది గానీ, పాలే కారణమని గట్టిగా తేలలేదు. పెరుగు మీద ఆధారం ఇంకా పలచన. కాబట్టి అనుమానం ఉంటే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పాలు ఆపి, లెక్క చూసి, మళ్ళీ మొదలుపెట్టి చూడండి. మొదలుపెట్టి చూడడం ముఖ్యం. జీవితాంతం మానేయడానికి ఒక్కసారి తగ్గడం చాలదు. ఎదిగే పిల్లలైతే కాల్షియం ఎక్కడినుంచి వస్తుందో ముందే చూసుకోవాలి. చోళ్ళలో వంద గ్రాములకి దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. నువ్వులు, ముల్లుతో నమిలే చిన్న చేపలు ఉన్నాయి.

పాలపొడి డబ్బాల్లో ఒకదాని మీద మాత్రం నాకు కోపమే. జిమ్ కుర్రాళ్ళు తాగే వే ప్రొటీను. మిఠాయి దుకాణంలో ఛెనా, అంటే విరిగిన పాల ముద్ద, మూటగట్టి పిండితే కారే పచ్చటి నీళ్ళుంటాయే, ఆ విరుగుడు నీటిలోని ప్రొటీనే పొడి. అది ఇన్సులిన్‌ని బాగా లేపుతుంది. తాగడం మొదలెట్టాక వీపూ ఛాతీ మొటిమలతో నిండిన కుర్రాళ్ళ కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. మా షాపుకి వచ్చే హాస్టల్ కుర్రాడొకడు వీపు చూపిస్తే మొదట డబ్బా గురించే అడిగాను. "నీకెలా తెలుసు బాబాయ్" అన్నాడు. గుడ్లు, శనగలు, చేపలు తిని కండ పెంచరా అని పంపాను. కొందరు జిమ్ముల్లో తెలియని ఇంజక్షన్లు కూడా నడుస్తాయి. మొటిమలు ఉన్నట్టుండి విరుచుకుపడితే ఆ సంగతి దాచకుండా డాక్టరుకి చెప్పాలి.

ఇక నిర్దోషులు. గుడ్డు, కోడికూర, వంకాయ, వేరుశనగ, వీటికి వ్యతిరేకంగా నాకు చూపించదగ్గ సాక్ష్యం లేదు. మామిడికాలంలో వచ్చే సెగ్గడ్డలు వేరు, మొటిమలు వేరు. చెమటా ఉక్కా ఉన్న రోజుల్లో వెంట్రుక మొదట్లో చీము సూక్ష్మజీవి చేరి గడ్డవుతుంది. అదే నెలలో మామిడి కూడా కాస్తుంది, నేరం దానిమీద పడింది. ఒకేసారి నాలుగు పండ్లు తింటే తీపి తీపే, అది వేరే మాట. మా అమ్మమ్మకి ఇది చెప్పే అవకాశం నాకు రాలేదు.

నూనె తినడం కాదు గానీ పూసుకోవడం చూసుకోండి. తలకి ఆవనూనో కొబ్బరినూనో కారేలా పట్టించి రాత్రంతా ఉంచుకుంటే, నుదుటి మీద చిన్న చిన్న గుండ్లు వరసగా లేస్తాయి. మా మేనకోడలి నుదురు సగం కథ ఇదే. తలంటుకి గంట ముందు రాసి కడిగేస్తే సరిపోయింది. దిండు గలేబు వారానికోసారి మార్చండి.

మందులు వాడుతున్నవాళ్ళకి తిండి సంగతి ఇంకోరకంగా అవసరం, ఇది షాపులో నేను రోజూ చెప్పేది. డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే పాలతో, ఐరన్ మాత్రతో, గ్యాస్ మందుతో కలిపి వేసుకోకండి, మందు ఒంటికి సరిగ్గా పట్టదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. బడిలో వారానికోసారి ఐరన్ మాత్ర ఇచ్చే పిల్లలు ఆ రోజు గుర్తుంచుకోవాలి. పెద్ద గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతులో మండుతుంది. మొండి మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ దీనికి తిరగబడ్డ కేసు. కొవ్వు ఉన్న భోజనంతో వేసుకుంటేనే సరిగ్గా పడుతుంది. మొటిమలున్నాయని నూనె మానేసి, ఈ మాత్రని ఖాళీ కడుపుతో మింగినామెని చూశాను. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్ళు డాక్టరు చెప్పిన జాగ్రత్తలు లేకుండా దీన్ని ముట్టుకోకూడదు, కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం. ఎవరిదో చీటీ తెచ్చి అడిగితే నేనివ్వను. స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు కూడా అంతే. రెండు వారాలు ముఖం మెరుస్తుంది, తరవాత మొటిమలు రెట్టింపై, చర్మం పలచబడి ఎర్రగా మండుతుంది.

నోటుబుక్కు పక్కన పెట్టి నేరుగా చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళున్నారు. లోతుగా గడ్డలు కట్టి మచ్చలు పడుతున్నవాళ్ళు వెళ్ళాలి. నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ, దవడ వెంబడి మొటిమలు వచ్చే అమ్మాయిలు కూడా. అది అండాశయాల సమస్య కావచ్చు, పరీక్ష చేయించాలి. మొటిమల భయంతో భోజనమే మానేస్తున్న పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్ళని ముందు అన్నం దగ్గర కూర్చోబెట్టండి. తరవాతే తక్కినవి.

మా పిల్ల లెక్క కూడా చెప్పేస్తాను. మొదటి ఆదివారం 34. నాలుగో వారం 33. ఆరో వారం పరీక్షలూ నెలసరీ ఒకేసారి వచ్చి 39కి ఎక్కింది. నోటుబుక్కు విసిరేసింది. వాళ్ళ అత్తయ్య, అంటే మా ఆవిడ, తెచ్చి మళ్ళీ బల్లమీద పెట్టింది. తొమ్మిదో వారం 21, పన్నెండో వారం 12. డాక్టరు రాసిన అడాపలీన్ క్రీము కూడా రాత్రిళ్ళు రాసుకుంది. కాబట్టి క్రీము వల్లా, టీలో పంచదార వల్లా, తలనూనె వల్లా అంటే నేను విడదీసి చెప్పలేను. నేను ఒక్కటే మార్చమన్నాను, తను మూడు మార్చింది. తియ్యటి పొడి మానేసింది గానీ ఒట్టి పాలు మధ్యలో నెల ఆపి మళ్ళీ తాగితే తేడా ఏమీ రాలేదు, అందుకని పాలు ఉన్నాయి.

పదమూడో వారం పేజీలో ఒక ఒడియా మిఠాయి గురించి ఇలా రాసింది: "శనివారం, ఛెనాపోడ, పెద్ద ముక్క. అత్తయ్య చేసింది, వద్దనలేకపోయాను. ఆదివారం లెక్క 11."